ఆస్తే సాక్ష్యమైన చోట: కీళవెణ్మణి నుంచి చుండూరు దాకా

చట్టం ఉన్నవాడికి చుట్టం అని మన పల్లెల్లో అంటుంటారు. కోర్టు మెట్లెక్కి దిగిన ప్రతి మాలపల్లె, ప్రతి మాదిగపల్లె ఈ మాట ఏదో ఒకరోజు అనుకునే ఉంటుంది. అయితే ఈ మాటను మనం చాలా తేలిగ్గా వాడేస్తున్నాం. ఎస్సైకి డబ్బులిచ్చాడు, సాక్షుల్ని కొన్నాడు, ఎమ్మెల్యే చేత ఫోను చేయించాడు, అందుకే బయటపడ్డాడు అంటాం. అక్కడితో ఆ మాటకు అర్థం అయిపోయిందనుకుంటాం. అంటే చట్టం మంచిదేననీ, నడిపేవాళ్ళే చెడ్డవాళ్ళనీ, లంచం ఆగిపోతే అందరూ సమానమేననీ మనమే ఒప్పుకున్నట్టవుతుంది.

చరిత్ర చూస్తే సంగతి అట్లా లేదు. ఒక్క రూపాయి చేతులు మారకపోయినా, జడ్జిగారు నిజాయితీపరుడే అయినా, ఆస్తీ పరపతీ కోర్టులో తమ పని తాము చేసుకుపోతాయి. ఎట్లా చేస్తాయో చూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఒకప్పుడు ఈ తేడాను చట్టం పుస్తకంలోనే రాసుకున్నారు. రాజ్యాంగం వచ్చాక అట్లా రాయడానికి వీల్లేకపోయింది. అప్పుడా తేడా పుస్తకంలోంచి లేచి వేరే చోట్ల కూర్చుంది. ఎవరి మాట నమ్మాలి అన్న చోట, ఎవరికి జామీను దొరుకుతుంది అన్న చోట, ఎవరి కేసు ఎన్నాళ్ళు నడవాలి అన్న చోట, చివరికి ఎవరి మీద దయ చూపాలి అన్న చోట కూడా.

పుస్తకంలో రాసిన తేడా

ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీలో 1816లో 11వ రెగ్యులేషన్ అమల్లోకి తెచ్చింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. గ్రామ పెద్దకు పోలీసు అధికారాలు కట్టబెట్టిన చట్టం అది. తిట్టుకోవడం, చిన్నపాటి కొట్లాట లాంటి నేరాలకు ఆయనే శిక్ష వెయ్యొచ్చు. మామూలుగా అయితే నేరస్తుణ్ణి ఊరి చావిట్లో 12 గంటలకు మించకుండా కూర్చోబెట్టాలి. నేరం చేసినవాడు కింది కులంవాడైతే కాళ్ళు బొండకొయ్యలో బిగించి 6 గంటల దాకా ఉంచొచ్చు. ఎందుకు ఈ తేడా? అంత అవమానకరమైన శిక్ష ఎవరికి వేస్తే అనుచితం కాదో వాళ్ళకే అది వెయ్యాలన్న అర్థం వచ్చేట్టు ఆ చట్టమే చెప్పింది. నేరం ఒకటే. పై కులం వాడికి పోయే పరువుంది కాబట్టి దాన్ని కాపాడాలి, మనకు పోయే పరువే లేదు కాబట్టి నలుగురిలో బిగించినా ఫరవాలేదు. మనువు రాసిన సంగతిని కంపెనీ దొరలు ఇంగ్లీషులో రాశారు.

మరి దీన్ని పాతకాలపు మొరటుతనం అనుకుందామా? 1908 సివిల్ ప్రొసీజర్ కోడు చదవండి. హోదాను బట్టి కొందరిని కోర్టుకు స్వయంగా హాజరుకాకుండా మినహాయించే అధికారం 133వ సెక్షన్ కింద ప్రభుత్వానికి ఉండేది. ఎవరి హోదా ఎంతో ప్రభుత్వమే తేలుస్తుంది. కూలివాడు పని మానుకుని, రోజు కూలి పోగొట్టుకుని, కోర్టు అరుగు మీద పొద్దంతా కూర్చోవాలి. జమీందారుగారు మాత్రం రానక్కర్లేకుండా చెయ్యొచ్చు. స్వాతంత్య్రం వచ్చాక 1956లో దీన్ని సవరించారు. సవరించి ఏం చేశారు? హోదా అనే మాట స్థానంలో రాష్ట్రపతి, గవర్నర్లు, మంత్రులు మొదలైన పదవుల జాబితా పెట్టారు. ఆ జాబితాలో పాత సంస్థానాధీశులకు కూడా చోటిచ్చారు.

జైలు సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1929లో లాహోరు జైల్లో భగత్‌సింగ్, ఆయన సహచరులు నిరాహారదీక్ష చేశారు. రాజకీయ ఖైదీలను మనుషుల్లా చూడమని వాళ్ళడిగారు. 63 రోజుల దీక్ష తర్వాత జతీన్‌దాస్ ఆ సెప్టెంబరు 13న చనిపోయాడు. 1930లో ప్రభుత్వం ఖైదీలను ఎ, బి, సి అని మూడు తరగతులుగా విడగొట్టింది. దేన్ని బట్టి? రాజకీయాన్ని బట్టి కాదు. సాంఘిక హోదా, చదువు, బయట బతికిన తీరును బట్టి. బయట మంచం మీద పడుకున్నవాడికి లోపల మంచం. బయట నేల మీద పడుకున్నవాడికి లోపలా నేలే. దీక్ష చేసినవాళ్ళు అడిగింది ఒకటి, ప్రభుత్వం ఇచ్చింది వేరొకటి. స్వతంత్ర భారతంలో కూడా ఈ తరగతుల విధానం చాలా రాష్ట్రాల జైళ్ళలో దశాబ్దాల పాటు కొనసాగింది. జైలు లోపల ఊడ్చే పని ఎవరిది, వండే పని ఎవరిది అన్నది కులాన్ని బట్టి పంచే నిబంధనలు కూడా ఈ దేశంలో అమల్లో ఉండేవి. అవి రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది 2024 అక్టోబరు 3న. రాజ్యాంగం అమల్లోకి వచ్చి అప్పటికి 74 ఏళ్ళు దాటింది.

1950 జనవరి 26 నుంచి మనకు 14వ అధికరణం ఉంది. చట్టం ముందు అందరూ సమానం. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 18వ అధికరణం బిరుదుల్ని రద్దు చేసింది. ఇవి చిన్న విజయాలు కావు, బొండకొయ్య చట్టం లాంటిది ఇక ఎవడూ బాహాటంగా రాయలేడు. మన ప్రశ్న ఆ తర్వాతది. రాయలేకపోతే మరి ఆ తేడా ఎక్కడికి పోయింది?

కారున్నవాడు నడిచి వస్తాడా?

దీనికి జవాబు తమిళనాడులోని తూర్పు తంజావూరులో దొరుకుతుంది. కావేరి నీళ్ళు పారే వరి నేల అది. భూమి మిరాసుదార్లది, చాకిరీ దళితులది. 1960లలో వ్యవసాయ కూలీలు ఎర్రజెండా కింద సంఘం పెట్టుకుని కూలి ధాన్యం కాస్త పెంచమన్నారు. భూస్వాములు వరి ఉత్పత్తిదారుల సంఘం పేరుతో తామూ కూడగట్టుకున్నారు. జెండా దించమన్నారు, బయటనుంచి కూలీలను దించారు. 1968 డిసెంబరు 25 రాత్రి కీళవెణ్మణి దళితవాడ మీద దాడి జరిగింది. పారిపోలేనివాళ్ళు ఒక చిన్న గుడిసెలో దూరి తలుపేసుకున్నారు. ఆ గుడిసెకు నిప్పు పెట్టారు. 44 మంది మాడిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలే.

కేసులో 23 మంది ముద్దాయిలు, అందరూ మిరాసుదార్లే. కింది కోర్టు కొందరికి శిక్షలు వేసింది. 1973లో మద్రాసు హైకోర్టు వాళ్ళందర్నీ విడుదల చేసింది. ఆ తీర్పులో ఒక భాగం ప్రతి దళిత విద్యార్థీ చదవాలి. ముద్దాయిలందరూ మిరాసుదార్లే కావడం కోర్టుకు ఆశ్చర్యంగా తోచింది. వాళ్ళలో చాలామంది ధనవంతులని, విస్తారంగా భూములున్నవాళ్ళని, మొదటి ముద్దాయికి కారు కూడా ఉందని కోర్టు గమనించింది. అట్లాంటివాళ్ళు, ఎంత పగ ఉన్నా, పనివాళ్ళ సాయం లేకుండా తామే నడుచుకుంటూ వచ్చి ఇళ్ళకు నిప్పు పెట్టారంటే నమ్మడం కష్టమన్నది ఆ తీర్పు సారాంశం.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఈ జడ్జీలు లంచం తీసుకున్నారని ఎవరూ అనలేదు, అననక్కర్లేదు కూడా. ఆస్తి ఇక్కడ లంచంగా పనిచెయ్యలేదు, సాక్ష్యంగా పనిచేసింది. వందల ఎకరాలుండడమే నేను చెయ్యలేదనడానికి రుజువయింది. కారు ఉండడమే నేను అక్కడ లేననడానికి ఆధారమయింది. ఈ తర్కానికి రెండో వైపు కూడా ఉంది. పనివాళ్ళ సాయం లేకుండా వాళ్ళు చెయ్యరంటే, పనివాళ్ళయితే చేస్తారనేగదా అర్థం! తగలబెట్టే పని కూలివాడి పని, పెద్దమనిషి పని కాదు అన్నమాట. అంటే బీదతనం నేరానికి సగం రుజువు, సంపద నిర్దోషిత్వానికి సగం రుజువు. అదే రాత్రి భూస్వాముల పక్షం మనిషి ఒకడు చనిపోయాడు. ఆ కేసులో కూలీలకు శిక్షలు పడ్డాయి. వాళ్ళు ఇట్లాంటి పని చేస్తారా అన్న ఆశ్చర్యం వాళ్ళ విషయంలో ఎవరికీ అడ్డు రాలేదు.

తీర్పు వచ్చాక బొంబాయి నుంచి వచ్చే ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ దీని మీద ఒక వ్యాసం వేసింది. 'కీళవెణ్మణి పెద్దమనిషి హంతకులు' అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టింది. విషయమంతా ఆ పెద్దమనిషి అనే మాటలోనే ఉంది. మన ఊళ్ళల్లో కూడా పెద్దమనిషి అంటే ఎవరు? తగువు తీర్చేవాడు. భూమి ఉన్నవాడు, పై కులంవాడు, నలుగురూ లేచి నిలబడేవాడు. ఆ గౌరవం కోర్టు గుమ్మం దగ్గర ఆగిపోదు, ముద్దాయితో పాటు లోపలికి వచ్చి బోనులో పక్కనే నిలబడుతుంది.

జామీనుకు పాసు పుస్తకం

కేసు తీర్పు దాకా పోకముందే మనిషి జైల్లో ఉంటాడా, బయట ఉంటాడా అన్నది తేలాలి. 1978లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన మోతీరాం కేసు ఇందుకు మంచి పాఠం. మోతీరాం మధ్యప్రదేశ్‌లో తాపీ మేస్త్రీ. సుప్రీంకోర్టే బెయిలివ్వమంది. మేజిస్ట్రేటు 10,000 రూపాయలకు జామీను అడిగాడు. అతని అన్నదమ్ముడు జామీను ఉంటానంటే, నీ ఆస్తి వేరే జిల్లాలో ఉంది, చెల్లదన్నాడు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ తీర్పులో మనల్ని కూడా తలుచుకున్నారు. ఒక మలయాళీ, ఒక కన్నడిగుడు, ఒక తమిళుడు, ఒక తెలుగువాడు బస్తర్లోనో పోర్టుబ్లెయిర్లోనో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుణ్ణి ఎక్కడినుంచి తెస్తాడని అడిగారు. చివరికి 1,000 రూపాయల సొంత పూచీకత్తు మీద మోతీరాంని వదిలారు. మరుసటి ఏడు హుస్సేనారా ఖాతూన్ కేసులో బీహారు జైళ్ళ సంగతి బయటపడింది. నేరం రుజువైతే పడే శిక్షకన్నా ఎక్కువకాలం విచారణ ఖైదీలుగానే మగ్గిపోయినవాళ్ళు ఆ జైళ్ళల్లో ఉన్నారు. వాళ్ళు చేసిన నేరం జామీను ఇచ్చుకోలేకపోవడం.

మా ఇంట్లో కోర్టు కాగితం కూడబలుక్కోకుండా చదవగలిగిన మొదటి మనిషిని నేను. మా పేటలో ఎవడి మీదన్నా కేసు పడితే జామీను ఎట్లా దొరుకుతుందో చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. జామీనుదారుకు భూమి పాసు పుస్తకమన్నా ఉండాలి, ఇంటి పన్ను రసీదన్నా ఉండాలి. మాలో చాలామందికి రెండూ లేవు. ఉన్న ఇళ్ళు ప్రభుత్వం ఇచ్చిన పట్టా ఇళ్ళు. మరి పాసు పుస్తకం ఎవరి దగ్గరుంది? ఎవరి చేలో పనిచేస్తామో వాళ్ళ దగ్గర. చాలాసార్లు ఎవరితో గొడవై కేసయిందో వాళ్ళ బంధువుల దగ్గర. వెళ్ళి అరుగు కింద నిలబడాలి. ఆయన సంతకం పెడతాడు. తర్వాత కూలి రేటు మీదో, ఓటు మీదో, రాజీ మీదో ఆ సంతకం బాకీ వసూలవుతుంది. కోర్టు ఇచ్చిన స్వేచ్ఛ భూస్వామి చేతిమీదుగా మనకు అందుతుంది. జామీను పద్ధతి కోర్టు లోపలి సంగతిలా కనిపిస్తుంది గానీ, అది ఊళ్ళో భూసంబంధాల్ని మళ్ళీ బిగించే మేకు.

ఇంకో వైపు ముందస్తు బెయిలు చూడండి. అరెస్టు కాకముందే హైకోర్టుకో సెషన్స్ కోర్టుకో పోయి తెచ్చుకునే బెయిలు. ఇది 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 438వ సెక్షన్‌గా వచ్చింది. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న కొత్త కోడులో 482వ సెక్షన్ అయింది. దీన్ని పెట్టమని 1969లో లా కమిషన్ తన 41వ నివేదికలో సిఫార్సు చేసింది. చెప్పిన కారణం ఏమిటంటే, పలుకుబడి ఉన్నవాళ్ళు తమ ప్రత్యర్థుల్ని తప్పుడు కేసుల్లో ఇరికించి పరువు తీస్తున్నారని! పలుకుబడికి విరుగుడుగా తెచ్చిన ఏర్పాటు అది. మరి వాడుకునేదెవరు? ఎఫ్.ఐ.ఆర్. నమోదవుతున్నదని ముందే తెలిసి, రాత్రికి రాత్రి సీనియర్ లాయర్ని పెట్టుకుని, పైకోర్టుకు పరుగెత్తగలిగినవాడు. కూలివాడికి తన మీద కేసుందని తెలిసేది పోలీసు జీపు వచ్చాకనే.

ఒకే జిల్లా, రెండు గడియారాలు

చట్టం ముందు కాలం కూడా అందరికీ ఒకే వేగంతో నడవదు. అప్పటి గుంటూరు జిల్లాలోనే రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండూ ఒకే జిల్లావి, రెండేళ్ళ తేడాలో జరిగినవి.

మొదటిది చుండూరు. 1991 జూలైలో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు పై కులం మనిషికి తగిలిందన్న తగవుతో మొదలైంది. దళితులకు పనులు బందు చేశారు. ఆగస్టు 6న పోలీసులుండగానే ఊరి దళితుల్ని పొలాల్లోకి తరిమి 8 మందిని నరికి చంపారు. కొందరి శవాల్ని గోనె సంచుల్లో కుక్కి కాలవలో తోశారు. దళితులు ఆ శవాల్ని ఊరి నడుమ పాతి, ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. కోర్టు మా ఊళ్ళోనే పెట్టాలన్నారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1990 జనవరి 30 నుంచి అమల్లో ఉంది, ప్రత్యేక కోర్టులు పెట్టి వేగంగా విచారించాలన్నది ఆ చట్టం ఉద్దేశం. ఆ కోర్టు చుండూరులో కూర్చుని విచారణ మొదలుపెట్టేసరికి 2004 డిసెంబరు. అంటే 13 ఏళ్ళు. 2007 జూలై 31న తీర్పు వచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు, మిగతా 123 మంది విడుదల. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. అప్పీళ్ళు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. హత్యలు జరిగినప్పుడు పుట్టిన పిల్లలు అప్పటికి డిగ్రీ పూర్తిచేసే వయసుకు వచ్చారు.

రెండోది చిలకలూరిపేట బస్సు కేసు. 1993 మార్చి 8న బస్సులో దోపిడీ చెయ్యబోయి పెట్రోలు చల్లి తగలబెట్టారు. 23 మంది ప్రయాణికులు చనిపోయారు. అది ఘోరమైన నేరం. చనిపోయినవాళ్ళ కుటుంబాల దుఃఖాన్ని ఎవరూ తక్కువ చెయ్యకూడదు, ఈ వ్యాసం చెయ్యదు. ముద్దాయిలు ఇద్దరు పేద దళిత యువకులు. 1995లో సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది. 1996లో హైకోర్టు ఖాయం చేసింది, ఆ ఆగస్టులోనే సుప్రీంకోర్టూ ఖాయం చేసింది. నేరం నుంచి దేశంలోని అత్యున్నత న్యాయస్థానం చివరి మాట దాకా మూడున్నరేళ్ళు కూడా పట్టలేదు. 1997లో ఉరి తాడు దాకా వెళ్ళిన ఆ ఇద్దరినీ పౌరహక్కుల సంఘాలు, రచయితలు దేశమంతా తిరిగి ఆపగలిగారు. 1998లో ఆ శిక్ష యావజ్జీవంగా మారింది.

రెండేళ్ళ ముందు జరిగిన చుండూరులో, 1996 నాటికి మొదటి సాక్షి కూడా కోర్టు మెట్లెక్కలేదు.

చుండూరులో ముద్దాయిలు ఎక్కువమంది కాబట్టి ఆలస్యమైందని కొందరంటారు. కొంత నిజమే. కానీ ముద్దాయిలు ఎక్కువమంది కావడానికి కారణం ఏమిటి? అది ఇద్దరు కుర్రాళ్ళు చేసిన పని కాదు, ఊరి భూమి మొత్తం కలిసి చేసిన పని కాబట్టి. మరి ఆ ఆలస్యం ఎవరికి కలిసొచ్చింది? ఆలస్యమైనకొద్దీ సాక్షి ముసలివాడవుతాడు, జ్ఞాపకం మసకబారుతుంది, పొట్టకూటికి వలసపోతాడు, భయపడతాడు. భూమి మాత్రం ఎక్కడికీ వలసపోదు. ఏటా రెండు పంటలిస్తూ వకీలు ఫీజు కడుతూనే ఉంటుంది. డబ్బున్నవాడికి వాయిదా ఒక ఖర్చు, లేనివాడికి వాయిదా ఒక శిక్ష.

ఇక ఆ ఆలస్యం తిరిగి సాక్షి మీదికే వచ్చింది. ఎవరు ఎవరిని, సరిగ్గా ఎక్కడ, ఏ వేళకు చంపారో ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేకపోయిందని, సాక్షులు వెంటనే చెప్పలేదని హైకోర్టు భావించింది. ప్రాణభయంతో చేలకడ్డంపడి పరుగెత్తినవాడు చేతి గడియారం చూసుకుంటాడా? పోలీసుల కళ్ళెదుటే తరిమితే, ఆ పోలీసుల దగ్గరికే పరుగున పోయి వాంగ్మూలం ఇస్తాడా? కీళవెణ్మణిలో ముద్దాయి ఆస్తి చూసి కోర్టు నమ్మలేకపోయింది. చుండూరులో సాక్షి బతికిన తీరు ఎరగక నమ్మలేకపోయింది. రెండు చోట్లా నష్టపోయింది ఒకరే.

దయ కూడా అందరికీ ఒకటి కాదు

శిక్ష పడ్డాక చివరి గుమ్మం క్షమాభిక్ష. ఇక్కడ పేరు ప్రతిష్ఠలు బాగా పనిచేస్తాయి. 1959 ఏప్రిల్‌లో బొంబాయిలో నౌకాదళ అధికారి నానావతి తన భార్య ప్రియుణ్ణి కాల్చి చంపాడు. పత్రికలు ఆయన్ని వీరుణ్ణి చేశాయి. జ్యూరీ నిర్దోషి అన్నది. 1960 మార్చిలో హైకోర్టు యావజ్జీవం వేస్తే, ఆ రోజే గవర్నరు ఆ శిక్షను నిలిపివేస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. ఆయన్ని మామూలు జైలుకు పంపకుండా నౌకాదళం అదుపులోనే ఉంచాలన్నది దాని ఉద్దేశం. 1961లో సుప్రీంకోర్టు శిక్ష ఖాయం చేసింది. 1964లో క్షమాభిక్ష దొరికింది. ఆ తర్వాత ఆయన కుటుంబంతో కెనడా వెళ్ళి స్థిరపడ్డాడు. ఆయన మీద దయ చూపడం తప్పని నేననడం లేదు. దయ చూపడం రాజ్యానికి చేతనవుననడానికి అది రుజువు.

ఆ దయ మన దగ్గర ఏమైంది? ఆదిలాబాదు జిల్లా రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లకు నక్సలైటు ఉద్యమ కాలపు హత్య కేసులో ఉరిశిక్ష పడింది. కె.జి. కన్నబిరాన్ లాంటి న్యాయవాదులు చివరిదాకా పోరాడారు. క్షమాభిక్ష అర్జీలు తోసేశారు. ఎమర్జెన్సీ మధ్యలో, నోరెత్తితే జైలు అన్న రోజుల్లో, 1975 డిసెంబరు 1న ముషీరాబాదు జైల్లో ఇద్దర్నీ ఉరితీశారు. రాజకీయ కారణాలున్నాయంటారు. ఉన్నాయి. కానీ నానావతి వెనక నౌకాదళం, పత్రికలు, పెద్ద కుటుంబాలు ఉన్నాయి. వీళ్ళ వెనక ఉన్నవాళ్ళ నోరు అప్పటికే నొక్కేసి ఉంది. క్షమాభిక్షకు చట్టంలో కొలబద్ద లేదు, కొలబద్ద లేని చోట పరపతే కొలబద్ద.

మరి శిక్షలు పడనేలేదా?

ఇక్కడ ఒక మిత్రుడు అడగొచ్చు. పెద్దవాళ్ళకూ శిక్షలు పడుతున్నాయిగదా, మంత్రులు, కంపెనీల యజమానులు జైలుకు పోలేదా అని. పోయారు. సత్యం కంప్యూటర్స్ కుంభకోణంలో రామలింగరాజుకు 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు కోర్టు ఏడేళ్ళ జైలు శిక్ష వేసింది. నెల దాటిన కొద్ది రోజులకే, మే 11న, పైకోర్టు ఆ శిక్షను నిలిపి బెయిలిచ్చింది. చట్టం ప్రకారమే ఇచ్చింది. అప్పీలు పెండింగులో ఉండగా శిక్ష నిలపమని అడిగే హక్కు పేదవాడికీ ఉంది. ఆ హక్కును నెల రోజుల్లో అమలుచేయించుకునే స్తోమతే అందరికీ లేదు. పైగా ఆ కేసులో నష్టపోయినవాళ్ళల్లో పెద్ద మదుపుదార్లున్నారు. సొమ్ము పోయినవాడు సొమ్మున్నవాడైతే చట్టం కదులుతుంది. ప్రాణం పోయినవాడు కూలివాడైతేనే అసలు పరీక్ష.

ఆ పరీక్షలో మనకు కారంచేడు ఉంది. 1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె మీద దాడి చేసి 6 గురిని చంపారు, స్త్రీలపై అత్యాచారాలు చేశారు. తాగే నీళ్ళ చెరువును పాడుచెయ్యొద్దని ఒక దళిత స్త్రీ అడ్డుపడినందుకు మొదలైన దాడి అది. ఆ ఊరు నాటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు వియ్యాలవారి ఊరు. ఇంతకు మించిన పరపతి ఆ రోజుల్లో రాష్ట్రంలో లేదు. దళితులు మళ్ళీ ఆ ఊరు పోమన్నారు, చీరాలలో శిబిరం పెట్టుకున్నారు. బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేసి వచ్చారు. కత్తి పద్మారావు, తారకం ముందు నిలబడి దళిత మహాసభ పెట్టారు. సెషన్స్ కోర్టు వేసిన శిక్షల్ని హైకోర్టు కొట్టేసింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రధాన ముద్దాయికి యావజ్జీవం, మరికొందరికి మూడేళ్ళ జైలు వేసింది. 23 ఏళ్ళు పట్టింది. పట్టినా, ఆరు ప్రాణాలకు అది చాలా తక్కువే అయినా, పడింది. వచ్చినదాన్ని రాలేదనడం ఉద్యమానికి అన్యాయం చెయ్యడమే.

కారంచేడు తర్వాతే 1989 చట్టం వచ్చింది. ఆ చట్టంలో 18వ సెక్షన్ ఎందుకుందో ఇప్పుడర్థమవుతుంది. అత్యాచారం కేసులో ముద్దాయికి ముందస్తు బెయిలు లేదన్నది ఆ సెక్షన్. పలుకుబడి ఉన్నవాడు అరెస్టు కాకముందే పైకోర్టుకు పరుగెత్తే దారి మూసేసింది. ఊళ్ళో దాడి జరిగిన మర్నాడు అతను మళ్ళీ అదే అరుగు మీద కూర్చుని సాక్షుల్ని బెదిరించకుండా ఉండాలంటే అది కావాలి. చట్టంలో ఆస్తి బలాన్ని గుర్తుపెట్టుకుని రాసిన కొద్దిపాటి వాక్యాల్లో అదొకటి. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు దాని నడుం విరగ్గొట్టింది. ప్రభుత్వోద్యోగినైతే అతన్ని నియమించిన అధికారి అనుమతితో, ఇతరులనైతే జిల్లా పోలీసు సూపరింటెండెంటు స్థాయి అధికారి అనుమతితో మాత్రమే అరెస్టు చెయ్యాలంది. హోదా ఉన్నవాడికి పైన ఇంకో హోదా కాపలా! కూలివాణ్ణి దొంగతనం కేసులో పట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏప్రిల్ 2న దేశమంతా దళితులు వీధుల్లోకి వచ్చారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆగస్టులో పార్లమెంటు సవరణ చేసి 18-ఎ సెక్షన్ పెట్టింది. 2020 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందంది.

కాబట్టి సమానత్వం అనే మాట చట్టంలో ఉండడం ఒకటి, అసమానతను గుర్తించి చట్టం రాయడం ఇంకొకటి. రెండోది ఇప్పటిదాకా మనకు వచ్చింది శిబిరాల వల్ల, సమాధుల దగ్గర కూర్చున్న జనం వల్ల. దాన్ని నిలబెట్టుకోవాలంటే మనవాళ్ళు మూడు పనులు చెయ్యాలి. దాడి జరిగిన రోజే ఎవరు ఏం చూశారో, ఏ వేళ, ఏ చేను, ఏ గట్టు అన్నది మనమే రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే 20 ఏళ్ళ తర్వాత అడిగేది అదే. జామీనుకు భూస్వామి అరుగు కిందికి పోకుండా సొంత పూచీకత్తు మీద వదలమని ప్రతి మేజిస్ట్రేటు కోర్టులోనూ మన లాయర్లు మోతీరాం తీర్పు చూపించి అడగాలి. చదువుకున్న మనం తీర్పులు చదవాలి, చదివి తెలుగులో మనవాళ్ళకు చెప్పాలి. కారు ఉంది కాబట్టి నడిచి రాడు అన్న వాక్యం ఇంగ్లీషులో ఉన్నంతకాలం అది న్యాయశాస్త్రంలా వినిపిస్తుంది. దాన్ని తెలుగులోకి తెచ్చి మాదిగపల్లె అరుగు మీద చదివి వినిపించండి. అక్షరం రాని ముసలమ్మ కూడా దానికి జవాబు చెబుతుంది.